పొగాకు బేళ్ల లెక్కతో డిక్షనరీలో అతి పెద్ద విలువలు వెతకడం

వేసవిలో వేలం జరిగే రోజుల్లో మా మామ సాయంత్రం ఇంటికి రాగానే చీటీలు నా చేతికిచ్చి మంచం మీద కూర్చునేవాడు. మాది ప్రకాశం జిల్లా కొండపి వైపు పల్లె. ఒక్కో పొగాకు బేలుకీ (కట్టిన మూటకి) ఒక నంబరు, దాని పక్కన కిలోకి పడిన రేటు ఉండేవి. "ఎక్కువ రేటు ఎంత పడింది రా?" అనేవాడు. చెప్పేవాణ్ణి. "ఏ బేలుకి?" అదీ చెప్పేవాణ్ణి. కాసేపాగి, "దానికొక్కదానికేనా, ఇంకేమన్నా ఉన్నాయా?" అని మూడో ప్రశ్న వేసేవాడు.

ఇప్పుడు నేను పిల్లలకి పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష చెబుతున్నాను. డిక్షనరీలో పెద్ద విలువ వెతకమంటే చాలామంది రెండో ప్రశ్న దగ్గరే ఆగిపోతారు. ఒక పేరు తెరమీద కనబడితే పని అయిపోయిందనుకుంటారు. కానీ వేలంలో ఒకే గరిష్ఠ ధర చాలా బేళ్లకి పడుతుంది. ప్రోగ్రాం ఒక్క పేరే చూపిస్తే మిగతా బేళ్లు అసలు లేనట్టే. అందుకే ఈ మార్గదర్శిని మా మామ ప్రశ్నల వరుసలోనే రాస్తున్నాను. మూడో ప్రశ్నకి ఎక్కువ చోటు ఇచ్చాను.

ఒక మాట ముందే చెప్పాలి. కోడ్ పంక్తుల్ని మనం పలికే తీరులో తెలుగు అక్షరాల్లో రాశాను. మీరు కంప్యూటర్‌లో ఫర్, ఇఫ్, మ్యాక్స్ లాంటివన్నీ ఇంగ్లీషు అక్షరాల్లోనే టైప్ చేయాలి. విలువలు దాచుకునే వేరియబుల్ పేర్లు మాత్రం తెలుగులో పెట్టినా పైథాన్ 3 ఒప్పుకుంటుంది. "ధరలు" అని పెట్టుకుంటే నిక్షేపంగా నడుస్తుంది.

డిక్షనరీకి తన పెద్ద విలువ ఎందుకు తెలియదు

డిక్షనరీ అంటే జతల మూట. ప్రతి జతలో ఒక కీ, ఒక విలువ. మన లెక్కలో బేలు నంబరు కీ, కిలో ధర విలువ. కింది అంకెలు ఉదాహరణ కోసం వేసుకున్నవి:

ధరలు = {
  "బేలు 41": 268,
  "బేలు 42": 280,
  "బేలు 43": 251,
  "బేలు 44": 280,
  "బేలు 45": 197,
  "బేలు 46": 275
}

కీ చెప్తే విలువ ఇవ్వడంలో డిక్షనరీ చాలా చురుకు. లోపల కీని హ్యాష్ అనే లెక్కతో ఒక గడి నంబరుగా మార్చి నేరుగా ఆ గడికే వెళ్తుంది. లక్ష జతలున్నా "బేలు 44" ధర వెంటనే దొరుకుతుంది. కానీ ఆ గడులు విలువల వరుసలో ఉండవు. 280 ఎక్కడుందో, అసలు 280 అనేది ఉందో లేదో దానికి తెలియదు. కాబట్టి పెద్ద విలువ కావాలంటే ప్రతి జతనీ ఒకసారి చూడక తప్పదు. n జతలుంటే కనీసం n−1 పోలికలు పడతాయి, ఎందుకంటే గెలిచినదొక్కటి తప్ప మిగతా ప్రతిదీ ఎక్కడో ఒకచోట కనీసం ఒకసారి ఓడాలి. ఇంతకంటే తక్కువలో తేల్చే కిటుకు ఏదీ లేదు.

మొదలుపెట్టే ముందు: పెద్దది అంటే మంచిదేనా

మా జిల్లా పొగాకు లెక్కలో పెద్ద అంకె అంటే మంచి ధర. కానీ కిందికి, నెల్లూరు జిల్లా తీరంలో ఇందుకూరుపేట, విడవలూరు వైపు వెళ్తే రొయ్యల చెరువుల్లో లెక్క తిరగబడుతుంది. అక్కడ కౌంట్ అంటే కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయి అని. 100 కౌంట్ అంటే చిన్న రొయ్య, 30 కౌంట్ అంటే పెద్ద రొయ్య. చెరువు పేరు కీగా, కౌంట్ విలువగా పెట్టి మ్యాక్స్ (పెద్దది వెతికే ఫంక్షన్, అంటే ఒక పని చేసిపెట్టే కోడ్ ముక్క) అడిగితే అన్నిటికంటే చిన్న రొయ్యలున్న చెరువు వస్తుంది. అక్కడ కావలసింది చిన్నది వెతికే మిన్. ప్రోగ్రాంలో ఏ తప్పూ కనబడదు, ఎర్రరూ రాదు, జవాబు మాత్రం తలకిందులు. కాబట్టి కోడ్ రాసే ముందు ఆ అంకె పెరిగితే మంచిదా, తగ్గితే మంచిదా అని ఆ పని చేసేవాళ్లనే అడగండి.

మొదటి అడుగు: ఎక్కువ ధర ఎంత

ఇది తేలిక. విలువల్ని మాత్రమే తీసుకుని అందులో పెద్దది అడగాలి:

గరిష్ఠం = మ్యాక్స్(ధరలు.వాల్యూస్())

జవాబు 280.

ఇక్కడ కొత్తవాళ్లు చేసే పొరపాటు ఒకటుంది. వాల్యూస్ మరిచిపోయి మ్యాక్స్(ధరలు) అని రాస్తారు. డిక్షనరీని నేరుగా ఇస్తే పైథాన్ కీల మీద మాత్రమే తిరుగుతుంది. అంటే పేర్లలో అక్షరాల వరుసలో చివరిది ఇస్తుంది. మన డిక్షనరీలో ఆ జవాబు "బేలు 46". దాని ధర 275. గరిష్ఠ ధరకి దగ్గరగా ఉంది కాబట్టి చూసినవాళ్లకి అనుమానం కూడా రాదు. పూర్తిగా తప్పు జవాబు వస్తే మనం వెంటనే పట్టుకుంటాం. ఇలా నమ్మించే తప్పు వస్తేనే చీటీ చేతిలో పెట్టుకుని సరిచూడాలి.

రెండో అడుగు: ఏ బేలుకి

ముందు చేత్తో ఎలా చేస్తామో చూద్దాం. మొదటి చీటీని ఎడం చేతిలో పట్టుకుంటాం: 41, ధర 268. తర్వాతది 42, ధర 280. ఇది ఎక్కువ కాబట్టి 41ని కింద పెట్టి 42ని పట్టుకుంటాం. 43 ధర 251, వదిలేస్తాం. 44 ధర 280. చేతిలో ఉన్నదీ 280నే, ఎక్కువేమీ కాదు కాబట్టి మార్చం. 45, 46 కూడా పోతాయి. చేతిలో 42 మిగిలింది.

దీన్నే కోడ్‌లో పెడితే:

పెద్ద_బేలు = నన్
ఫర్ బేలు, ధర ఇన్ ధరలు.ఐటమ్స్():
    ఇఫ్ పెద్ద_బేలు ఈజ్ నన్ ఆర్ ధర > ధరలు[పెద్ద_బేలు]:
        పెద్ద_బేలు = బేలు

ఐటమ్స్ అంటే పేరూ ధరా జతలుగా ఇచ్చేది. నన్ అంటే పైథాన్‌లో "ఇంకా ఏమీ లేదు" అని చెప్పే విలువ. చాలామంది దీని బదులు "పెద్ద_ధర = 0" అని మొదలుపెడతారు. ధరలన్నీ సున్నాకి పైనే ఉన్నంతకాలం అది నడుస్తుంది. అదే కోడ్‌ని సాగులో లాభనష్టాల డిక్షనరీకి వాడి చూడండి. ఆ ఏడు అన్ని పొలాలకీ నష్టమే వచ్చి విలువలన్నీ మైనస్‌లో ఉంటే, ఏదీ సున్నాని దాటదు. పెద్దది 0 అని, పేరు ఖాళీ అని వస్తుంది. మైనస్ 4,000, మైనస్ 9,000, మైనస్ 15,000లో పెద్దది మైనస్ 4,000. తక్కువ నష్టం వచ్చిన పొలం ఏదో రైతుకి తెలియాలి. చేతిలోకి ముందు ఒక నిజమైన చీటీ తీసుకోండి, ఊహించిన సున్నాని కాదు.

ఈ లూప్ (జతల మీద వరసగా తిరిగే కోడ్) ఒకసారి చేత్తో రాసి అర్థమయ్యాక, రోజువారీ పనికి ఒక్క పంక్తి చాలు:

మ్యాక్స్(ధరలు, కీ=ధరలు.గెట్)

దీన్ని ఇలా చదవాలి. పేర్ల మీదే తిరుగు, పేర్లలోనే ఒకటి ఇవ్వు, కానీ పోల్చేటప్పుడు పేరుని కాకుండా దాని ధరని పోల్చు. ఇక్కడి "కీ" అన్న మాటకీ డిక్షనరీ కీకీ సంబంధం లేదు. దేన్ని కొలబద్దగా పెట్టి పోల్చాలో చెప్పేది ఇది. ఈ రెండు "కీ"లు కలగాపులగమై పిల్లలు తికమక పడటం ప్రతి బ్యాచ్‌లోనూ చూస్తున్నాను. గెట్ అంటే కీ చెప్తే విలువ ఇచ్చే ఫంక్షన్. దాని తర్వాత బ్రాకెట్లు పెట్టకూడదు. పెడితే ఆ ఫంక్షన్‌ని అప్పుడే పిలిచినట్టు అవుతుంది. మనకి కావలసింది ఆ ఫంక్షన్‌నే మ్యాక్స్ చేతికి అప్పజెప్పడం.

పేరూ ధరా రెండూ ఒకేసారి కావాలంటే:

మ్యాక్స్(ధరలు.ఐటమ్స్(), కీ=లాంబ్డా జత: జత[1])

లాంబ్డా అంటే అక్కడికక్కడే రాసుకునే పేరులేని చిన్న ఫంక్షన్. జతలో 0వ స్థానం పేరు, 1వ స్థానం ధర. జవాబు "బేలు 42", 280 అనే జతగా వస్తుంది.

కొలబద్ద మనమే తయారు చేసుకోవచ్చన్నది ఈ పద్ధతిలో అసలు బలం. బరువులు ఇంకో డిక్షనరీలో ఉన్నాయనుకుందాం: 42వ బేలు 98 కిలోలు, 44వది 124, 46వది 131, మిగిలినవి మూడూ ఒక్కోటి 120. ఇప్పుడు ఏ బేలు ఎక్కువ డబ్బు తెచ్చింది?

మ్యాక్స్(ధరలు, కీ=లాంబ్డా బే: ధరలు[బే] * బరువులు[బే])

42వ బేలుకి 280 × 98 = 27,440. 44వ దానికి 280 × 124 = 34,720. 46వ దానికి 275 × 131 = 36,025. ధరలో వెనకబడ్డ 46వ బేలే డబ్బులో ముందుంది. "ఎక్కువ" అన్న మాటకి ఇంట్లో ఒక అర్థం, వేలంలో ఇంకో అర్థం ఉండొచ్చు. ఏ అర్థమో కొలబద్దలో రాయాల్సింది మనమే.

మూడో అడుగు: ఇంకేమన్నా ఉన్నాయా

మళ్లీ 42, 44 దగ్గరికి వద్దాం. రెండింటికీ 280. మ్యాక్స్ మాత్రం 42నే ఇచ్చింది. సమానమైనవి ఉంటే ముందు కనబడినదాన్ని ఇవ్వడం పైథాన్ నియమం. డిక్షనరీ తనలో చేర్చిన వరుసనే పాటిస్తుందని పైథాన్ 3.7 నుంచి భాషే హామీ ఇస్తోంది. కాబట్టి ఏ చీటీ ముందు ఎక్కిస్తే అది గెలుస్తుంది. చేత్తో రాసిన లూప్‌లో > బదులు >= పెడితే 44 గెలుస్తుంది. ఒక్క గీత తేడాతో ఇంకో బేలు! అంటే ఆ జవాబు పొగాకు గుణాన్ని బట్టి రాలేదు, చీటీలు పేర్చిన తీరుని బట్టి వచ్చింది.

దీనికి మందు రెండు పంక్తులు:

గరిష్ఠం = మ్యాక్స్(ధరలు.వాల్యూస్())
అన్నీ = [బేలు ఫర్ బేలు, ధర ఇన్ ధరలు.ఐటమ్స్() ఇఫ్ ధర == గరిష్ఠం]

జవాబు "బేలు 42", "బేలు 44".

మొదటి పంక్తిని రెండో దానిలో ఇరికించి ఒకే పంక్తిగా చేయాలని చాలామందికి చేయి దురద పుడుతుంది. చేయొద్దు. లోపల పెడితే ప్రతి బేలు దగ్గరా గరిష్ఠాన్ని మళ్లీ మొదటి నుంచి వెతుకుతుంది. ఆరు బేళ్లకి తెలియదు. లక్ష జతలుంటే లక్ష సార్లు లక్ష, అంటే 1,000 కోట్ల పోలికలు అవుతాయి. కంప్యూటర్ స్తంభించిపోయింది అని కంగారు పడతారు, అది పాపం పని చేస్తూనే ఉంటుంది.

రెండు సార్లు తిరగడం ఎందుకనుకుంటే ఒక్క చుట్టులో కూడా చేయొచ్చు. చేతిలో ఒక చీటీకి బదులు ఒక కట్ట పట్టుకోండి. కొత్త ధర ఎక్కువైతే పాత కట్టంతా పారేసి కొత్తదానితో కట్ట మొదలు. సమానమైతే కట్టలో చేర్చు. తక్కువైతే వదిలేయ్. ఫైలు నుంచి ఒక్కో పంక్తీ చదువుతూ పోయేటప్పుడు, వెనక్కి వెళ్లే వీలు లేనప్పుడు ఇదే సరైన పద్ధతి. మామూలు డిక్షనరీకి మాత్రం నేను రెండు పంక్తులదే వాడతాను. ఆరు నెలల తర్వాత తెరిచి చూసినా అర్థమవుతుంది.

దశాంశాలు ఉన్నచోట == గుర్తుతో జాగ్రత్త. కంప్యూటర్‌లో 0.1 + 0.2 సరిగ్గా 0.3 కాదు, చివర చిన్న తోక ఉంటుంది. లెక్కకట్టి తెచ్చిన రెండు సగటు ధరలు కాగితం మీద సమానంగా ఉన్నా యంత్రం వేరనొచ్చు. డబ్బైతే పైసల్లోకి మార్చి పూర్ణాంకాలుగా దాచండి. గొడవే ఉండదు.

మొదటి మూడు కావాలంటే

ఒక్కటి కాకుండా పై మూడు కావాలంటే జతల్ని ధర వరుసలో పేర్చి ముందునుంచి మూడు తీసుకోవచ్చు:

సార్టెడ్(ధరలు.ఐటమ్స్(), కీ=లాంబ్డా జత: జత[1], రివర్స్=ట్రూ)[:3]

42, 44, 46 వస్తాయి. టిమ్ పీటర్స్ 2002లో పైథాన్ కోసం రాసిన టిమ్‌సార్ట్ అనే పేర్చే పద్ధతి సమానమైనవాటి వరుసను చెదరనివ్వదు. రివర్స్ పెట్టినా సరే, 42 ముందు, 44 తర్వాతే ఉంటాయి.

ఇప్పుడు 47వ బేలు వచ్చింది, దానికీ 275 పడింది. మూడో స్థానానికి 46, 47 ఇద్దరూ హక్కుదారులే. పైన రాసిన పంక్తి మాత్రం మూడు లెక్కపెట్టి కోసేస్తుంది, 47 బయట పడుతుంది. స్కూల్లో మార్కులకి బహుమతులిచ్చేటప్పుడు ఇలా చేస్తే ఒక పిల్ల ఏడుస్తూ ఇంటికి వెళ్తుంది. ముందు హద్దు కనుక్కోండి, తర్వాత ఆ హద్దు మీదున్న అందర్నీ తీసుకోండి:

హద్దు = సార్టెడ్(ధరలు.వాల్యూస్(), రివర్స్=ట్రూ)[2]
పైవి = [బేలు ఫర్ బేలు, ధర ఇన్ ధరలు.ఐటమ్స్() ఇఫ్ ధర >= హద్దు]

హద్దు 275. పైవి నాలుగు: 42, 44, 46, 47. డిక్షనరీలో మూడుకంటే తక్కువ జతలుంటే [2] అన్నచోట ఇండెక్స్ ఎర్రర్ వస్తుంది, అందుకే ముందు లెన్‌తో ఎన్ని ఉన్నాయో చూసుకోవాలి.

"రెండో పెద్ద ధర ఎంత" అన్నది ఇంటర్వ్యూల్లో తరచూ అడిగే ప్రశ్న. పేర్చిన వరుసలో రెండోది తీస్తే మళ్లీ 280నే వస్తుంది. ఎక్సెల్‌లో లార్జ్ ఫార్ములాకి 2 ఇచ్చినా ఇదే తీరు. వేర్వేరు ధరల్లో రెండోది కావాలంటే విలువల్ని సెట్‌లో వేసి నకళ్లు తీసేయాలి:

సార్టెడ్(సెట్(ధరలు.వాల్యూస్()), రివర్స్=ట్రూ)[1]

జవాబు 275. ఈ రెండు జవాబుల్లో ఏది కావాలో అడిగినవాళ్లనే అడగండి. ఇంటర్వ్యూలో అలా తిరిగి అడగడం తప్పు కాదు. అడిగితేనే మీకు విషయం తెలుసని వాళ్లకి అర్థమవుతుంది.

లక్షల్లో ఉంటే హీప్

పది లక్షల జతల్లో పై పదే కావాలి. మొత్తం వరుసలో పేర్చితే ఇంచుమించు రెండు కోట్ల పోలికలు అవుతాయి, పది లక్షలకి ఒక్కోదానికీ దాదాపు 20 చొప్పున. పది కోసం తొమ్మిది లక్షల తొంభై తొమ్మిది వేల తొమ్మిది వందల తొంభైని కూడా వరుసలో నిలబెట్టడం వృథా. పైథాన్‌తో సిద్ధంగా వచ్చే కోడ్ మూటల్ని మాడ్యూళ్లు అంటారు. వాటిలో హీప్‌క్యూ మాడ్యూల్‌లో ఎన్‌లార్జెస్ట్ అనే ఫంక్షన్ ఉంది:

హీప్‌క్యూ.ఎన్‌లార్జెస్ట్(10, ధరలు, కీ=ధరలు.గెట్)

ఇది పది పట్టే బుట్ట ఒకటి పెట్టుకుంటుంది, దాన్నే హీప్ అంటారు. బుట్టలో అన్నిటికంటే చిన్నది ఎప్పుడూ పైనే ఉంటుంది. కొత్తగా వచ్చినదాన్ని ఆ చిన్నదానితో పోలుస్తుంది. తక్కువైతే బుట్ట ముట్టుకోకుండా పోతుంది. ఎక్కువైతే చిన్నదాన్ని తీసేసి దీన్ని వేస్తుంది. కాసేపటికి బుట్టలో గట్టివే చేరతాయి కాబట్టి తర్వాత వచ్చేవాటిలో చాలావరకు ఒక్క పోలికతోనే వెనుదిరుగుతాయి. పెద్దవి కావాలంటే చిన్నదాన్ని పైన పెట్టుకోవడం మొదట్లో వింతగా అనిపిస్తుంది. ఎవర్ని బయటికి పంపాలో తెలిస్తే చాలు, లోపలివాళ్ల వరుస అక్కర్లేదన్నది ఇందులో కిటుకు.

ఒక్కటే కావాలంటే మ్యాక్స్, కొద్దివే కావాలంటే ఎన్‌లార్జెస్ట్, సగానికి సగం కావాలంటే సార్టెడ్. కొన్ని వేల జతలలోపు అయితే దేనితో చేసినా కనురెప్ప పాటులో అయిపోతుంది, సార్టెడ్ రాసి ముందుకు వెళ్లిపోండి.

పాట పడని బేళ్లు

వేలంలో కొన్ని బేళ్లకి పాట పడదు. నోబిడ్ అంటారు. రైతుకి దానికంటే గుండె కోత లేదు. మన డిక్షనరీలో వాటిని ఎలా రాయాలి?

కొందరు 0 వేస్తారు. గరిష్ఠానికి ఇబ్బంది లేదు గానీ రేపు అదే డిక్షనరీ మీద కనిష్ఠ ధర, సగటు ధర అడిగితే ఆ సున్నాలు లెక్కని పాడుచేస్తాయి. ఎవరూ సున్నాకి కొనలేదు, అసలు కొననేలేదు. ఆ రెండింటికీ తేడా ఉంది. కాబట్టి నన్ అని రాయాలని నా అభిప్రాయం. అప్పుడు మ్యాక్స్ అడిగితే నన్‌ని అంకెతో పోల్చలేక పైథాన్ 3 టైప్ ఎర్రర్ ఇస్తుంది. ఇవ్వనివ్వండి. తప్పు లెక్క మౌనంగా రావడం కంటే ఎర్రర్ రావడమే మేలు. పాట పడినవాటిని వడగట్టి అప్పుడు అడగండి:

పడినవి = {బేలు: ధర ఫర్ బేలు, ధర ఇన్ ధరలు.ఐటమ్స్() ఇఫ్ ధర ఈజ్ నాట్ నన్}

ఇక్కడ "ఇఫ్ ధర" అని పొట్టిగా రాస్తే నన్‌తో పాటు నిజమైన సున్నా కూడా జారిపోతుంది. పూర్తిగానే రాయండి.

ఇంకో చిక్కు కూడా ఇక్కడిదే. ఎక్సెల్ నుంచి డేటా తెచ్చినప్పుడు ఖాళీ గడులు "నాట్ ఎ నంబర్" అనే దశాంశ విలువగా మారి రావచ్చు. పెద్దదా, చిన్నదా, సమానమా అని దాన్ని దేనితో పోల్చినా కాదు అనే జవాబు. వరుసలో అది ముందుంటే ఎవరూ దాన్ని ఓడించలేరు, మ్యాక్స్ దాన్నే ఇస్తుంది. మధ్యలో ఉంటే ఎవర్నీ ఓడించలేక పోతుంది. ఎర్రర్ రాదు, జవాబు మాత్రం వరుసని బట్టి మారిపోతుంది. మ్యాథ్ మాడ్యూల్‌లోని ఈజ్‌నాన్‌తో పట్టుకుని ముందే తీసేయాలి.

అంకె రూపంలో కనబడే అక్షరాలు కూడా ఇంతే ప్రమాదం. ఫైలు నుంచి చదివిన 98, 124, 131 అనే బరువులు అక్షరాలుగా ఉంటే పైథాన్ మొదటి అక్షరంతో పోలుస్తుంది. 9 అనేది 1 కంటే పెద్దది కాబట్టి 98 గెలుస్తుంది. నేను మొదట్లో బరువుల లెక్క రాసినప్పుడు అన్నిటికంటే తేలిక బేలుని అన్నిటికంటే బరువైనదని చూపించింది నా ప్రోగ్రాం. మామ బేలు నంబరు వినగానే "దాన్ని నేనొక్కణ్ణే ఎత్తి వేశాను గదరా" అన్నాడు. అప్పటి నుంచి ఫైలు చదివిన చోటే ఇంట్‌తో అంకెగా మార్చేస్తున్నాను.

పాట పడిన బేలు ఒక్కటీ లేకపోతే? ఖాళీ డిక్షనరీకి మ్యాక్స్ వాల్యూ ఎర్రర్ ఇస్తుంది. పైథాన్ 3.4 నుంచి డిఫాల్ట్ అనే అవకాశం ఉంది: మ్యాక్స్(పడినవి, కీ=పడినవి.గెట్, డిఫాల్ట్=నన్). ఖాళీ అయితే నన్ వస్తుంది, "ఈ రోజు పాట లేదు" అని చూపించొచ్చు.

కేంద్రాల వారీగా కూడి పెద్దది చూడటం

ఒక్కోసారి విలువలు సిద్ధంగా ఉండవు, మనమే కూడాలి. టంగుటూరు, కొండపి, పొదిలి, కనిగిరి, నెల్లూరు జిల్లా వైపు కలిగిరి లాంటి వేలం కేంద్రాలకి రోజూ వచ్చిన బేళ్ల పంక్తులు ఉన్నాయనుకోండి. కలెక్షన్స్ మాడ్యూల్‌లోని కౌంటర్ దీనికి అచ్చంగా సరిపోతుంది. ప్రతి పంక్తికీ లెక్క[కేంద్రం] += బేళ్లు అని కూడుతూ పోవడమే, ముందుగా సున్నా వేయాల్సిన పని లేదు. చివర లెక్క.మోస్ట్_కామన్(3) అంటే పై మూడు కేంద్రాలు వస్తాయి. ఇది కూడా మూడు దగ్గర కోసేస్తుంది, సమానమైన నాలుగోదాన్ని చూపించదు. హద్దు పద్ధతి ఇక్కడా గుర్తుంచుకోండి.

కానీ ఇక్కడ తెలుగు పేర్లతో వచ్చే ఇబ్బంది వేరే ఉంది, దీని గురించి ఇంగ్లీషు పాఠాల్లో అంతగా దొరకదు. "టంగుటూరు" అని ఒక పంక్తిలో, అదే మాట చివర ఖాళీతో ఇంకో పంక్తిలో ఉంటే డిక్షనరీకి అవి రెండు ఊళ్లు. ఒకదానికి 310, రెండో దానికి 140, కొండపికి 400 అనుకుందాం. కొండపి మొదటి స్థానంలోకి వచ్చేస్తుంది. కలిపి చూస్తే టంగుటూరుకి 450 ఉన్నాయి. ఖాళీలైతే స్ట్రిప్ ఫంక్షన్ తీసేస్తుంది. దానికి అందనిది ఇంకొకటుంది. "స్టేషన్" లాంటి పొల్లుతో ముగిసే మాటల చివర కొన్ని టైపింగ్ సాధనాలు కంటికి కనబడని ఒక గుర్తుని పెడతాయి. సున్నా వెడల్పు గుర్తు, యూనికోడ్ (ప్రతి అక్షరానికీ ఒక నంబరు ఇచ్చే పద్ధతి) నంబరు 200సి. తెరమీద రెండు "స్టేషన్"లూ ఒకేలా ఉంటాయి, కీలు మాత్రం వేరు. స్ట్రిప్ దాన్ని ఖాళీగా గుర్తించదు, రీప్లేస్‌తో మనమే తీసేయాలి. అలాగే "మైపాడు"లోని ఐత్వాన్ని యూనికోడ్‌లో ఒకే గుర్తుగానూ రాయొచ్చు, రెండు గుర్తులు కలిపీ రాయొచ్చు. యూనికోడ్‌డేటా మాడ్యూల్‌లోని నార్మలైజ్ ఫంక్షన్ వాటిని ఒకే రూపానికి తెస్తుంది. పేరుని కీగా పెట్టే ముందే ఈ మూడూ చేసే చిన్న ఫంక్షన్ ఒకటి రాసుకుంటే తర్వాత టెన్షన్ ఉండదు. అనుమానం వస్తే కీ పొడవు లెన్‌తో చూడండి. కంటికి ఒకేలా ఉన్న రెండు పేర్ల పొడవులు వేరుగా వస్తే దొంగ దొరికినట్టే.

ధరలు వస్తూ ఉండగానే అడిగితే

వేలం నడుస్తూ ఉండగా ఇప్పటివరకు పెద్ద ధర ఎంత అని నిమిషానికోసారి అడిగితే ప్రతిసారీ మొత్తం వెతకక్కర్లేదు. కొత్త ధర వచ్చినప్పుడల్లా చేతిలో ఉన్న గరిష్ఠంతో ఒక్కసారి పోలిస్తే చాలు. చిక్కు ఎక్కడంటే, పడిన ధర నచ్చక రైతు బేలుని ఇవ్వననొచ్చు. తీసేసిన ఆ బేలే గరిష్ఠమైతే తర్వాతి పెద్దది ఏదో మన దగ్గర ఉండదు. అప్పుడు మళ్లీ మొత్తం వెతకాలి. ఇలాంటివి అరుదైతే అలా వెతకడమే మంచిది. తరచూ జరిగితే ధర ముందు మైనస్ పెట్టి, ధరా బేలూ జతగా హీప్‌లో వేస్తూ పోండి. పైథాన్ హీప్‌లో చిన్నది పైకి వస్తుంది కాబట్టి మైనస్ వల్ల పెద్ద ధర పైన ఉంటుంది. అడిగినప్పుడు పైనున్న జతని డిక్షనరీతో సరిచూడండి. డిక్షనరీలో ఆ బేలు లేకపోయినా, ధర మారినా దాన్ని తీసి పారేసి తర్వాతది చూడండి.

వేరే భాషల్లో

జావాలో కలెక్షన్స్ క్లాస్‌లోని మ్యాక్స్‌కి ఎంట్రీసెట్‌నీ (జతలన్నిటినీ), కంపేరింగ్‌బైవాల్యూ అనే కొలబద్దనీ ఇస్తారు. అక్కడి డిక్షనరీ లాంటి హ్యాష్‌మ్యాప్‌కి వరుస హామీ లేదు కాబట్టి సమానమైనవాటిలో ఏది వస్తుందో చెప్పలేం. లింక్డ్‌హ్యాష్‌మ్యాప్ అయితే చేర్చిన వరుస నిలుస్తుంది. గో భాషలో మ్యాప్ (అక్కడి డిక్షనరీ) మీద తిరిగే వరుస ఒక్కోసారి ఒక్కోలా ఉండొచ్చు. నిన్న 42 చూపించిన ప్రోగ్రాం ఈ రోజు 44 చూపించొచ్చు. జావాస్క్రిప్ట్‌లో డిక్షనరీలా వాడే మామూలు ఆబ్జెక్ట్ కీలు 41, 42 లాంటి అంకెలైతే అవి చిన్న నుంచి పెద్దకి వరుసలో వస్తాయి, మనం చేర్చిన వరుసలో రావు. ఖాళీ జాబితాకి అక్కడి మ్యాక్స్ ఎర్రర్ ఇవ్వదు, మైనస్ ఇన్ఫినిటీ ఇస్తుంది. తెరమీద అది ధరగా కనబడకుండా చూసుకోవాలి.

పరీక్షించడం

రాసిన కోడ్‌ని పెద్ద డేటాతో పరీక్షించొద్దు, తప్పు కనబడదు. చేత్తో లెక్క వేయగలిగిన చిన్న డిక్షనరీలు ఇవ్వండి. ఖాళీది ఇవ్వండి, ఎర్రర్‌తో ఆగకూడదు. ఒకే బేలు ఉన్నది ఇవ్వండి. అన్నీ మైనస్ విలువలున్నది ఇవ్వండి, 0 రాకూడదు. పాట పడని బేలు మొదట్లో ఉన్నది ఒకటి, చివర్లో ఉన్నది ఒకటి ఇవ్వండి. ఒకే డిక్షనరీని తిరగేసిన వరుసలో పేర్చి ఇవ్వండి, పేర్ల జాబితా క్రమం మారినా అందులోని బేళ్లు మారకూడదు. చివరగా ఆరు బేళ్లకీ 280 వేసి ఇవ్వండి. ఆరు నంబర్లూ రావాలి.